నూటికి మూడు

సోమవారం, ఉదయం 6:10
ఈ రోజు నుంచి అంచనాలు బంద్! నిన్న నా బొమ్మరైలు వంపులో ఎక్కలేక ఆగిపోతే వేలితో తోశాను. మామయ్యగారు చూశారు. ముప్పై ఆరేళ్లు నిజం రైళ్లు నడిపిన మనిషి. "అల్లుడుగారూ, ఇది బండి కాదండీ, బొమ్మ" అని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. రిటైరైన ఈ ఎనిమిది నెలల్లో, భోజనానికి కాక ఆయన బయటికి రావడం అదే మొదటిసారి.
నియమాలు:
1. వాలు నూటికి మూడు మించకూడదు. అంటే వంద సెంటీమీటర్ల పట్టాకి మూడు సెంటీమీటర్ల ఎత్తు.
2. కొలవకుండా పట్టా బిగించను.
3. బండి మీద వేలు పడదు.
ఆదివారం ఆయన్ని మళ్లీ పిలుస్తాను.

సాయంత్రం 7:00
వంపుని స్కేలుతో కొలవలేం. స్కేలు వంగదు. మా ఆవిడ విప్పేసిన పాత స్వెటర్ ఊలు దొరికింది. పట్టా వెంబడి పరిచి, తీసి, స్కేలు పక్కన బిగలాగి చూశాను. రెండు వందల సెంటీమీటర్లు. వంపు చివర పైనున్న వంతెన ఎత్తు ఆరు. నూటికి సరిగ్గా మూడు!! లెక్కంటే ఇదీ.

మంగళవారం
పట్టా బిగించాను. ఏడు పెట్టెలు తగిలించాను. ఎక్కలేదు. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. కొలత తప్పయ్యే ప్రశ్నే లేదు. తప్పు ఇంజన్‌దే.
"ఆడలేక మద్దెల ఓడన్నారట" అంది మా ఆవిడ. రెండు పెట్టెలు విప్పాను.

బుధవారం
ఐదు పెట్టెలు. ఎక్కలేదు. చక్రాలు తుడిచాను. మళ్లీ కొలిచాను: 193. ఇంకోసారి: 207. రెండు వందలు అనుకోవచ్చు. (అనుకోవడం అంచనా కిందికి రాదు.)

గురువారం
ఆఫీసులో పని. వాలు ఎక్కడికీ పోదు.

శుక్రవారం
జలుబు.

శనివారం, సాయంత్రం 4:30
మూడు పెట్టెలు. సగంలో ఆగింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. వేలు పడింది. ఒక్కసారే. (రెండుసార్లు.)
తల తిప్పితే గుమ్మంలో మా ఆవిడ. "బండి ఎక్కకపోతే పోనివ్వండి. నాన్న ఒక్క గంట ఆ గదిలోంచి బయటికొచ్చి కూర్చుంటే చాలు నాకు" అంది. రేపటిది రద్దు చేద్దామనుకున్నవాణ్ణి, మళ్లీ చక్రాలు తుడవడానికి కూర్చున్నాను.

ఆదివారం, 10:00
మామయ్యగారు కుర్చీ వేసుకున్నారు. బండి బయల్దేరింది. వంపు సగం ఎక్కి ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది.

10:05
"వాలెంత?"
"నూటికి మూడండీ."
"దేంతో కొలిచారు?"
ఊలు చూపించాను. లాగారు. వదిలారు. ముడుచుకుంది. మళ్లీ లాగారు. పాత పేపరు సన్నగా చీల్చి, అతికించి, పట్టీ చేసి, వంపు వెంబడి కొలిచారు. నూట యాభై. అంటే నూటికి నాలుగు!
గదిలోకి వెళ్లిపోతారనుకున్నాను. ఆయన వంగి, చివరి పెట్టె వెనక వేలు పెట్టారు. "కొండ ఎక్కేటప్పుడు మాకూ వెనక ఇంకో ఇంజన్ తోసేది. అందులో సిగ్గేముందోయ్?"
ఓయ్! పెళ్లయిన పదకొండేళ్లలో మొదటిసారి!
బండి వంతెనెక్కింది. మా ఆవిడ వంటగదిలోకి వెళ్లి చాలాసేపు కొళాయి తిప్పి ఉంచింది.

సోమవారం, ఉదయం 5:40
ఈ రోజు నుంచి అంచనాలు బంద్! ఆరింటికి మొదలుపెడదామన్నాను. ఆయన ఐదున్నరకే తలుపు కొట్టారు. ఊలు మా ఆవిడకి వాపసు. మొదటి రెండు నియమాలు యథాతథం. మూడోది మామయ్యగారు కొట్టేసి, కింద డ్యూటీ చార్టు రాశారు. వెనక వేలు: ఉదయం తను, సాయంత్రం నేను.