పోగులు రెండూ చెవులకే ఉన్నాయి

మొంబాసా, శుక్రవారం

అమ్మా, క్షేమంగా చేరాం. నీ అల్లుడు రేవులో కొత్త ఉద్యోగంలో చేరారు. ఆ ఊళ్ళో నాకెవరు తోడని బస్సు కదిలేదాకా ఏడ్చావుగా, విను. మొదటిరోజే పక్కింటి సౌము అక్క ఎదురైతే, మన కంపాలాలోలాగే మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాను. "అయ్యో, ఏం పడిపోయిందమ్మా?" అంటూ ఆవిడా కూర్చుని ఇసుకలో వెతకడం మొదలుపెట్టింది. ఇంకో ముగ్గురు వచ్చి, చెవిపోగేమో అనుకుని వాకిలంతా గాలించారు. చెప్పడానికి సిగ్గేసి నేనూ వెతికాను! చివరికి సౌము అక్కే నా చెవులు చూసింది.

"పోగులు రెండూ ఉన్నాయిగా! మరెందుకు కూలబడ్డావు?"

"మీకు దండం పెట్టడానికక్కా."

పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇప్పుడు అక్క రోజూ గోడ మీంచి "ఏమే, పోయింది దొరికిందా?" అంటూ కొబ్బరిపాల అన్నం అందిస్తుంది.

ఎవరైనా ఇటు వస్తే మన తోట అరటికాయలు ఓ గెల పంపు, అక్కకి వండిపెట్టాలి. మేక ఈనిందా? తమ్ముడి దగ్గు తగ్గిందా?

నీకూ నానమ్మకీ ఇక్కణ్ణుంచే మోకాళ్ళ మీద దండాలు. నువ్వేం వెతక్కు, నాకేం పోలేదు.

నీ నబ్బోసా