ముక్బిల్ సైఫ్ మునగలేదట

లండన్, మంగళవారం

తిడుతూనే కొసరి కొసరి వడ్డించే మా అమ్మమ్మ వర్దాకు,

చరిత్రలో పట్టభద్రుడు, ఉద్యోగంలో శూన్యుడు అయిన నీ మనవడి సలాములు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నేను చెప్పేది నీకు వినపడదు, నువ్వు చెప్పేది మాత్రం వీధంతా వింటుంది. అందుకే ఉత్తరం.

నావికుల కాగితాలు దాచే భవనానికి చేరాను. కోటు విప్పించారు, పెన్ను లాక్కున్నారు, పెన్సిలు చేతికిచ్చారు. కౌంటర్ దగ్గరి పెద్దమనిషి "ఎవరి కోసం బాబూ?" అన్నాడు.

"మా ముత్తాత ముక్బిల్ సైఫ్. యెమెన్ నుంచి సౌత్ షీల్డ్స్ వచ్చి ఓడల్లో బొగ్గు వేసేవాడు. పంతొమ్మిది వందల నలభై ఒకటి ఫిబ్రవరిలో వెన్‌బెక్ ఓడతో పాటు మునిగిపోయాడు."

"మునిగినవాళ్లు తొందరగా దొరుకుతారు. బతికినవాళ్లతోనే తంటా" అన్నాడాయన.

వచ్చే బుధవారంలోగా రుజువు చూపిస్తేనే మునిగిన నావికుల కోసం రేవు దగ్గర నిలిపే కొత్త రాతి మీద మీ నాన్న పేరు చెక్కుతారు. మూడేళ్లప్పుడు పోగొట్టుకున్న మనిషి పేరును ఎనభై ఏడేళ్లకైనా చేత్తో తడమాలని నీ ఆశ. ఒక్క ఫోటో కూడా లేదన్నావుగా, అదీ వెతుకుతాను. నాకీ చేట చెవులు ఎవరు అంటగట్టారో కూడా తేలిపోతుంది.

నీ ఫారిస్

లండన్, గురువారం

అమ్మమ్మా,

ఇందులో జోకులు లేవు. ఒకటి రాసి కొట్టేశాను. కూర్చుని చదువు.

వెన్‌బెక్ సిబ్బంది జాబితాలో ముక్బిల్ సైఫ్ లేడు. మూడుసార్లు చూశాను. బొగ్గు వేసేవాళ్లు తొమ్మిది మంది, అందరూ మనవాళ్లే. ఖాసిం థాబిత్ అనే అతని చిరునామా అయితే మన పాత ఇల్లే. మీ అమ్మ గదులు అద్దెకిచ్చేది కదా, అక్కడుండేవాడేమో. మీ నాన్న మాత్రం లేడు.

పెద్దమనిషి నా మొహం చూసి ఇంకో కవరు తెచ్చాడు. అది ముక్బిల్‌ది. ఓడ దిగిన ప్రతిసారీ నావికుడి పుస్తకంలో నడవడి మంచిదని ముద్ర వేస్తారట. నలభై డిసెంబరులో మీ నాన్నకు మాత్రం 'చెప్పదలుచుకోలేదు' అని వేశారు. "అది పడితే ఇక ఏ ఓడా ఎక్కనివ్వరు" అన్నాడు పెద్దమనిషి. కథ అక్కడే ఆగినా బాగుండేది. నలభై రెండులో, యుద్ధానికి మనుషులు చాలక కాబోలు, మళ్లీ ఓడెక్కాడు. నలభై ఏడులో ఎక్కాడు. యాభై నాలుగులోనూ ఎక్కాడు. అదీ షీల్డ్స్ రేవు నుంచే.

మీ నాన్న మునగలేదు అమ్మమ్మా. మిమ్మల్ని వదిలేశాడు. ప్రతి ఫిబ్రవరిలో నువ్వు సముద్రంలోకి పూలు విసురుతావే, అవన్నీ ఎవరికి?

'ఏమీ దొరకలేదు' అని చెప్పేద్దామనుకున్నాను. కానీ ఏడేళ్లప్పుడు ఖర్జూరాలు దొంగిలించి నీ ముందు ఎంతసేపు నిలబడగలిగానో నీకూ తెలుసు. అందుకే ఆ కవరులోని ఫోటో నకలు పంపుతున్నాను, నలభై రెండులో తీసింది. కుడి కనుబొమ్మ కాలి రెండుగా చీలి ఉంది. చించేస్తావో, దాచుకుంటావో నీ ఇష్టం.

ఫారిస్

సౌత్ షీల్డ్స్, శనివారం

ఒరే పట్టభద్రుడా,

చదవడం నేర్చుకున్నావు గానీ చూడడం నేర్చుకోలేదు. అది మా నాన్న కాదురా. ఆ కాలిన కనుబొమ్మ చిన్న ముక్బిల్ బాబాయిది.

మా కింది గదిలో ఉండేవాడు. "మా నాన్న పేరు నీకెందుకు?" అని పోట్లాడేదాన్ని. "షీల్డ్స్‌లో రాయి విసిరితే ముక్బిల్‌కే తగులుతుంది పిల్లా" అనేవాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఆలస్యంగా తల తిప్పేవాడు. చెవుడనుకున్నాను. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నా నిఖాలో మా నాన్న చోట కూర్చుందీ ఆయనే. ఆయన్ను పాతిపెట్టిన రోజు మా అమ్మ మట్టి మీద చెయ్యి వేసి, "ఖాసిం, ఇక నీ పేరుతో నిద్రపో" అంది. అమ్మకు మతి తప్పిందనుకున్నాను. నలభై ఏళ్లు అలాగే అనుకున్నాను, నీ ఉత్తరం చదివేదాకా.

ముద్ర పడ్డ మా నాన్నకు ఓడ లేదు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఖాసిం తన పుస్తకం ఇచ్చి ఉంటాడు, ఒక్క ప్రయాణానికే అని. వెన్‌బెక్ మునిగింది. కాగితాల్లో ఖాసిం చచ్చిపోయాడు. నిజం చెబితే ఇద్దరినీ దొంగలనేవాళ్లు. బతికున్నవాడికి మిగిలింది మా నాన్న పేరూ, ఆ పాడు ముద్రా.

రేవు రాతి మీద ఖాసిం థాబిత్ అనే చెక్కించు. మా నాన్న పేరున్న రాయి కింద ఆయన పడుకున్నాడు. ఆయన పేరున్న రాయి ముందు నిలబడి నేను నాన్నా అంటాను. వాళ్లు మార్చుకున్నదాన్ని విడదీయడానికి నేనెవర్ని?

ఇంకోటి. ఖాసిం కవరు కూడా తెప్పించు. పుస్తకం ఖాసిందైనా, దాంతో ఓడెక్కిన మొహం ఎవరిదో చూడు.

పూలు ఎవరికన్నావు కదూ, వచ్చాక చెవి మెలిపెడతాను.

మీ అమ్మమ్మ

లండన్, మంగళవారం

అమ్మమ్మా,

ఫారం పంపేశాను. ఖాసిం థాబిత్.

ఆ కవరులో ఫోటో ఉంది. నలభై ఒకటి జనవరిలో తీసింది, వెనక ఖాసిం పేరే. దాన్ని నా మొహం పక్కన పట్టుకున్నాను. పెద్దమనిషి దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"చెవులు" అన్నాడు.

నకలు ఇందులో ఉంది. ఈసారి కూర్చోనక్కర్లేదు. నిలబడి చూడు.

ముక్బిల్ సైఫ్ మునిమనవడు,
ఫారిస్