ఆదివారం తాళంచెవి

దేవదానం అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఆదివారమే పడ్డది. వదిన అత్తాపూర్ల బిడ్డ ఇంటికి మారిపోతూ మన ఫ్యాక్టరీ తాళంచెవి నా చేతుల పెట్టింది.

ఆరాంఘర్ కాడ మనం పైపుల యూనిట్ పెట్టిన నాడు నువ్వు పెట్టిన షరతు ఒక్కటే. శనివారం సాయంత్రం మూసినంక తాళంచెవి శంషాబాద్ల మీ ఇంట్ల ఉండాలె. ప్రతి ఆదివారం ఏదో ఒక ఆర్డర్ మీద పడేది, తాళంచెవి కోసం నేను స్కూటర్ మీద వచ్చేటోణ్ణి. అప్పుడే చర్చి నుంచి వచ్చిన నువ్వు "ముందు తిను, తర్వాత అడుగు" అనేటోడివి. వదిన పెట్టిన అన్నం తిన్నంక అడగబుద్ధి కాకపోయేది. నువ్వు పోయినంక గూడ ప్రతి ఆదివారం వదిన కంచం పెట్టింది, నేను తిని ఉత్తచేతులతోనే వచ్చిన.

మొన్న ఒకతను కొత్తగ పంపుల కంపెనీ పెడుతున్నడట, నన్ను పెట్టుబడి పెట్టుమని వచ్చిండు. "నాకు ఆదివారాలు లేవు సార్" అన్నడు గర్వంగ. ఒకప్పుడైతే అక్కడనే చెయ్యి కలిపేటోణ్ణి. "మరి నిన్ను ఆపేటోళ్లు ఎవరున్నరు?" అని అడిగిన. అతను లెక్కల కాయితం నా ముందుకు జరిపిండు. వద్దని పంపించిన.

బెంగళూరు పార్టీ ఇయ్యాల పొద్దుగాల్నుంచి ఎస్టీడీ చేస్తనే ఉన్నడు, లోడు కావాలని. తాళంచెవి పట్టుకొని గేటు కాడ జరసేపు నిలబడ్డ. నన్ను గూడ ఆపేటోళ్లు లేరు. తాళం తియ్యలే. ఆకలైతే ఇంటికి పోయిన.

ఆదివారం పగటిపూట నేను మా ఇంట్ల అన్నం తినుడు ఇన్నేండ్లల్ల ఇదే మొదటిసారంట. మా ఆమె చెప్పింది.