అతిచలిలోంచి తీసిన ఉక్కు

తమ్ముడూ రఫీ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. హిందూపురం వర్క్‌షాపులో నీతో పనిచేసిన బాషా పొద్దున ధర్మవరం వచ్చాడు. ప్రెస్సు మీద రేకును ఒత్తే ఉక్కు అచ్చు, ఆ డై, పగిలి ముక్క నీ గుండెలో దిగడం నీ అజాగ్రత్త వల్లేనని అందరూ అన్నారు. కాదట.

"కాల్చి గట్టిపరిచినా ఉక్కు లోపల కొంత మారకుండా మిగుల్తాదక్కా. ద్రవ నైట్రోజన్ చలిలో పెడితే అదీ మారి, ఉబ్బి, గాజు మాదిరి పెళుసైతాది. ఆ పెళుసు తగ్గేకి మళ్లీ వెచ్చబెట్టాల. ఆ డైని వెచ్చబెట్టేకి టైము లేదని ఓనరే వద్దన్యాడు. రఫీ అన్నకు అది తెలీదు" అన్నాడు బాషా.

పోయేకి లేస్తూ, "ఓనరాయప్ప ఇప్పుడు మంచాన పడినాడు. తన కోసం నిన్ను దువా చెయ్యమన్యాడు" అన్నాడు.

"చేస్తాలేప్పా" అని పంపించాను.

మధ్యాహ్నం నమాజు తర్వాత దువాలో నీ కోసం అల్లాను వేడుకున్నాను. ఆ ఓనరు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సాయంత్రం నమాజుకు మళ్లీ ప్రయత్నిస్తాను.

నీ పెద్దక్క