ఎడమ బుగ్గ

కొత్తకోట,
శుక్రవారం

నా తల్లి మానసకు అమ్మ దీవెనలు.

నిన్నూ, నీ కడుపులోని బిడ్డనూ కురుమూర్తి రాయుడు చల్లగా చూడాలని దీపం పెట్టి మొక్కుకొని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక్కడ మీ బాపు బాగున్నాడు. మగ్గం బాగానే నడుస్తున్నది. అందరం క్షేమమని ఎప్పటిలాగా రాయబోయి ఆగాను. నా సంగతి కిందికి రాస్తాను. నువ్వు నిలబడి చదవకు, కూర్చొని చదువు.

ఫోన్ చేస్తే మాట మారుస్తున్నానని కోపం వచ్చి ఉత్తరం రాశావు. నిజమే, మారుస్తున్నాను. ఫోన్లో మాట్లాడితే నా పక్కన మీ బాపు ఉంటాడు, నీ పక్కన మీ అత్తమ్మ ఉంటుంది. ఇది అట్లా చెప్పే మాట కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. అల్లుడి మీద నాకు ఏ కోపమూ లేదు. మురళీమోహన్ నన్ను ఎన్నడూ నొప్పించలేదు. కాళ్ళ వాపు అన్నావు, పడుకునేటప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకో. అంతటితో ఊరుకోకుండా మీ డాక్టరమ్మకు కూడా చెప్పు. నువ్వు పంపిన ముఖం బ్రష్ వాడుతున్నానా అని అడిగావు. కాన్పుకు ఎందుకు రావద్దన్నానని అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒక్కటే తల్లీ.

వీడియోలో నన్ను చూసి, "ఎడమ బుగ్గ పాలిపోయినట్టున్నది, ఉత్త పసుపు రాసి ఊకుంటున్నవు, ముఖం సక్కగ కడుగుతలేవు" అని కసురుకొని కదా ఆ బ్రష్ పంపావు. బిడ్డ పుట్టినంక ఫొటోలలో అమ్మమ్మ ముఖం మెరవాలన్నావు. పెట్టె విప్పి మీట నొక్కగానే మీ బాపు మగ్గం గుంతలోంచి మెడ చాచాడు.

"గదేందే, బుర్రుమంటాంది? నూలు కండెలు చుట్టే మిషినా?"

"ముఖం కడుగుకునేది. బిడ్డ పంపింది."

"చేతులున్నయి గదా కడుగనీకి! గీ వయసుల ఎవల పెండ్లికే ముస్తాబు?"

ఆయన మాటలకు నవ్వుకున్నాను కూడా. నువ్వు చెప్పినట్టే స్నానం చేసి, తడి ముఖానికి నురుగు రాసి, బ్రష్‌ను గుండ్రంగా తిప్పాను. కుడి బుగ్గ మీద చక్కిలిగింత పెట్టింది, పళ్ళు కూడా జివ్వుమన్నాయి. ఎడమ బుగ్గ మీదికి వచ్చేసరికి లోపల ఎముకకు అదురు తెలుస్తున్నది గానీ, పైన తోలుకు ఏదీ తగులుతున్నట్టే లేదు. చార్జింగ్ అయిపోయిందనుకున్నాను. మరునాడు వేగం పెంచాను, అయినా అంతే. చెడిపోయిన సరుకు అంటగట్టారేమోనని మీ బాపు మోచేతి మీద పెట్టి చూశాను.

"అబ్బో, మంచిగనే తిరుగుతాంది, తియ్యే!" అని చెయ్యి గుంజుకున్నాడు.

అప్పటికీ నాకు తెలియలేదు. ఆ పాలిపోయిన మచ్చ మీద మురికి మందంగా పట్టి ఉంటుందని ఇంకా గట్టిగా రుద్దాను. తుడుచుకుంటే తువాలుకు నెత్తురు అంటింది. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేకపోవడమే నాకు భయం పుట్టించింది.

ఆ మధ్యాహ్నం మీ బాపు కునుకు తీస్తుంటే ఒక పట్టుపోగు తెంపుకొని అద్దం ముందు కూర్చున్నాను. పోగు పని చేసే మన ఒంటికి పోగు తగిలితే చూడకుండానే తెలుస్తుంది కదా. కళ్ళు మూసుకొని కుడి బుగ్గ మీద జార్చాను, తెలిసింది. ఎడమ బుగ్గ మీద జార్చాను. పోగు చేతిలోంచి జారి కింద పడిందేమోనని కళ్ళు తెరిచి చూస్తే, అది మచ్చ మీదనే ఉన్నది.

మా అమ్మగారి ఊళ్ళో నర్సింగమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఆమెకూ మొదట ఒక్క మచ్చే వచ్చిందని మా అవ్వ చెప్పేది. ఆమెకు దొడ్లో వేరే గుడిసె, వేరే పల్లెం. నీళ్ళు ఎవరైనా పైనుంచి వంపితే దోసిట్లో పట్టుకొని తాగేది. ఆ రోగం పేరు ఎత్తేవాళ్ళు కాదు, పెద్దరోగం అనేవాళ్ళు.

ఇక నాకు అన్నం సహించలేదు. గుడికి పులిహోర చేసి పంపడం మానుకున్నాను. నా పల్లెం, నా చెంబు వేరుగా పెట్టుకున్నాను. మీ బాపు అడిగితే మొక్కు అని చెప్పాను. దేవుడి పేరు మీద అబద్ధమాడాను మానసా. నీతోనేమో మగ్గం గుంత తవ్విస్తున్నాం, ఇల్లంతా దుమ్ము, ఇప్పుడే రావద్దు అన్నాను. ఏ గుంతా తవ్వించలేదు. నువ్వు పసిబిడ్డను నా చేతికిస్తే నేను ఏం చేయాలో తోచక అట్లా అన్నాను.

అంతలో ఆశా వర్కర్ శోభ ఇంటింటికీ అడుగుతూ వచ్చింది.

"అక్కా, మీ ఇంట్ల ఎవ్వరికన్న మచ్చలున్నయా? గిచ్చినా తెల్వనియి?"

"లేవు బిడ్డా."

"నీ మొఖమేందక్కా గిట్ల మెరుస్తాంది? ఏం రాస్తున్నవో మాకు గూడ చెప్పరాదు!"

నవ్వుకుంటూ గడప దాటింది. బుగ్గ మీద పసుపు ఉన్నది కాబట్టి ఆమెకు ఏమీ కనపడలేదు. హమ్మయ్య అనుకోబోయాను. కానీ నీ ఉత్తరంలో మాట గుర్తుకు వచ్చింది, "బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని నువ్వే నీళ్ళు పొయ్యాలె, నాకు భయమైతది" అని రాశావే, అది. పరుగున వీధిలోకి పోయి శోభను పిలిచాను. నేను అంత గట్టిగా పిలవడం ఈ వాడలో ఎవరూ విని ఉండరు.

పన్ను నొప్పి అని చెప్పి ఆమెతో పాలమూరు దవాఖానకు బయలుదేరాను. "పన్ను పీకించుకో గని, నోట్ల ఉన్న రెండు మాటలు గూడ ఆడనే ఇడిసి రాకు" అన్నాడు మీ బాపు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నీ ఈడే ఉంటుంది. కళ్ళు మూసుకొని, దూది తగిలినకాడల్లా వేలు పెట్టి చూపమన్నది. నుదురు చూపాను, కుడి బుగ్గ చూపాను. తరువాత ఇంకా పెట్టలేదేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"అయిపోయిందమ్మా, కండ్లు తెరువు" అన్నది.

కుష్ఠు అన్నది. ఆ పేరు రాయడానికి ఇంతసేపు పట్టింది నాకు.

"ఫికర్ వద్దు. ఒక్కటే మచ్చ, ముందుగాలనే వచ్చినవు. గోళీలు పైసల్లేకుంట ఊకెనే ఇస్తం, నాగా పెట్టకుంట మింగు, నయమైతది. గోళీలు మొదలు పెట్టినంక ఎవ్వరికి అంటదు. గా బ్రష్ మాత్రం మచ్చ మీద తిప్పకు, నీకు తెల్వకుంటనే తోలు లేస్తది."

"పసిబిడ్డను ఎత్తుకోవచ్చునా?" అని అడిగాను.

"ఎత్తుకో, తానం పొయ్యి, ముద్దు పెట్టుకో" అన్నది. ఇంట్లో వాళ్ళు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదన్నది. పెళ్ళిదాకా నువ్వు నా పక్కలోనే పడుకున్నావు. నీ వీపు నీకు కనపడదు, అల్లుణ్ణి చూడమను. ఎక్కడైనా పాలిపోయిన మచ్చ ఉంటే దాచకుండా మీ డాక్టరమ్మకు చూపించు.

మీ బాపుకు నిన్న చెప్పాను. మగ్గంలో అటూ ఇటూ ఆడించే నాడె చేతిలో పట్టుకొని విన్నాడు. "గందుకా పల్లెం ఏరు పెట్టినవు" అన్నాడు. అప్పటినుంచి నేస్తూనే ఉన్నాడు. ఎగతాళి చేసే మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు.

గోళీలు వేసుకుంటున్నాను. డాక్టరమ్మ మాట నమ్ముతున్నాను కూడా. అయినా మీ అత్తవారికి తెలిస్తే ఏమంటారో, నీకు ఏం కష్టం తెస్తానో అని భయం. వాళ్ళకు చెప్పాలో వద్దో అల్లుడూ నువ్వూ ఆలోచించుకోండి. ఇక్కడికి రావడం కూడా నీ ఇష్టమే. మీ డాక్టరమ్మను అడిగి నిర్ణయించుకో. బిడ్డకు నీళ్ళు ఇంకెవరితోనైనా పోయిస్తానంటే పోయించు, నేను గడపలో కూర్చొని చూస్తాను.

వస్తే మాత్రం, బస్సు దిగి నన్ను చూసి నువ్వు ఒక్క అడుగు వెనక్కి వేసినా నేను ఏమీ అనుకోను తల్లీ. వేస్తావేమోనని ఇప్పటినుంచే భయంగా ఉన్నది, అంతే.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉండీ రమ్మనలేకున్న
అమ్మ ఆండాళు