మన మాటలో అడిగిన డాక్టరమ్మ

నిన్నటి వానకు నల్లరేగడి చేను కాలు పెట్టనివ్వలేదు. పత్తి విత్తడం ఆపి, నీ తమ్ముడితో మదురై బస్సెక్కాను. కొన్నాళ్లుగా ఒంటికి మాటిమాటికీ వస్తోంది, మూత్రం ఆగి ఆగి పోతోంది. ప్రోస్టేట్ క్యాన్సరేమో, రక్తపరీక్ష చేయించాల్సిందేనని వాడి పట్టు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఆ పరీక్షలో అంకె వేరే కారణాలకూ పెరుగుతుందని, తొందర వద్దని తమిళంలో చెప్పింది. వాడు ఆమె ఎదుటే మన మాటలో, "ఈ పాపకు మొగోళ్ల కష్టం ఏం తెలుసు బావా? వేరే చోటికి పోదాం రా" అన్నాడు.

"తెలుసులే మామా. మా ఇంట్లోనూ మాట్లాడేది ఈ మాటే" అందామె. వాడు తల వంచుకున్నాడు.

"ఎప్పట్నించి మామా?" అని నన్నడిగింది. తమిళంలో అడిగినప్పుడు తెలియదన్నవాణ్ణి, ఇప్పుడు చెప్పేశాను.

"మనసు బిగుసుకుంటే అక్కడా బిగుసుకుంటుంది మామా. అదేనని ఇప్పుడే చెప్పలేను. ఈపొద్దు మూత్రం చూస్తాను. నెల పోయి రా, రక్తం సంగతి మాట్లాడి, చూడాలో వద్దో ముడివు చేద్దాం."

ఈ ఒంటితోనే ఇన్నేళ్లు సేద్యం చేశాను. లోపల ఒకదాన్నొకటి ఇలా పట్టుకుని ఉంటాయని ఎరగను. బస్సులో పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, దారంతా ఆశ్చర్యపోతూనే వచ్చాను.

నీ గురించి ఆమెకు నేను చెప్పింది ఇంతే: మా ఇంటామె పోయినప్పట్నించి. మాసి నెలలో, పత్తి ఏరుతున్న శుక్రవారం పొద్దున.