తప్పు ఎవరిదైనా

ప్రియమైన చిన్నోడికి,

ఫోను చేస్తే ఎత్తడం లేదని ఇలా రాస్తున్నాను. ఎడమచేతి రాత, వంకరగా ఉందని నవ్వుకోకు. కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. మూడు వేళ్లు ఇక ముడుచుకోవన్నాడు డాక్టరు. ఇస్త్రీ రోలర్లోకి దుప్పటితోపాటు నా చెయ్యి పోవడం కళ్లు మూస్తే చాలు కనబడుతోంది.

యూనియన్ లాయరమ్మ ఇంటికొచ్చింది. వైద్యం ఖర్చు, పనికి పోలేని నెలలకు జీతంలో కొంత, పాడైన చేతికి ఒకేసారి కొంత సొమ్ము, ఇవన్నీ అడిగే హక్కు నాకుందట. "అప్పుడు పక్కన ఎవరున్నారు?" అంది. "మా తమ్ముడే, లాండ్రీ సూపర్వైజరు" అన్నాను. ఆ మాట అంటుంటే ఎంత ధైర్యం వచ్చిందో!

నీ అక్క

ప్రియమైన అక్కకి,

ఏం మాట్లాడాలో తెలియక ఫోను ఎత్తలేదు. కేసు మాత్రం వద్దక్కా. "మీ అక్కని నేను చూసుకోనా? గేటు దగ్గర కుర్చీ వేయించి కూర్చోబెడతా" అన్నాడు ఓనరు. కేసు వేస్తే అదీ ఉండదు. వచ్చే నెల నన్ను మేనేజర్ని చేస్తారట. పిల్లల చదువులు నీకు తెలియనివా? పళ్లు పంపుతున్నాను, తిను.

నీ తమ్ముడు

చిన్నోడా,

పళ్లు అందాయి. పక్కింటావిడ ఒలిచి పెట్టింది.

కేసు వేశాను, సాక్షిగా నీ పేరిచ్చాను. కోపం తెచ్చుకోకు. నీ ఉద్యోగం కోసం ఆ ఓనరును బతిమాలిందే నేను, నీ పొట్ట కొడతానా? అబద్ధం చెప్పమనట్లేదు. జరిగింది చెప్పు, చాలు. దుప్పటి ఇరుక్కోగానే "మిషను ఆపనా?" అని అరిచాను. "ఆపకు, లారీ వెయిటింగులో ఉంది, చేత్తో లాగెయ్" అన్నావు. నీ నెత్తిన ఓనరున్నాడని తెలుసు. నిన్ను తిట్టుకోలేదురా.

ఎదురుచూస్తూ,
అక్క

అక్కా,

వాయిదాకి వస్తాను. ఏం చెప్పినా మనసులో పెట్టుకోకు. నన్ను పెంచినదానివి, నీకు కాక ఎవరికి అర్థమవుతాను?

నీ తమ్ముడు

తమ్ముడికి,

నా మొహం చూడకుండా వెళ్లిపోయావు గనక తీర్పు రాస్తున్నాను.

"మా అక్క కబుర్లు చెబుతూ పరధ్యానంగా చెయ్యి పెట్టేసింది. నేనేమీ అనలేదు" అన్నావు. ఎంత గడగడా చెప్పావో! చిన్నప్పుడు పాఠం అప్పజెప్పమంటే నీళ్లు నమిలేవాడివి.

కేసు వింటున్న కార్మిక శాఖ అధికారి అంతా విని కళ్లజోడు తీశాడు. "పరధ్యానమే అనుకుందాం. దెబ్బ పనిలోనే తగిలింది కదా? తప్పు ఎవరిదైనా పరిహారం ఇవ్వాల్సిందే" అన్నాడు. అడిగినవన్నీ ఇప్పించాడు. కట్టేది ఓనరు కూడా కాదు, బీమా కంపెనీ.

నువ్వు నిజం చెప్పినా ఇంతే వచ్చేది. ఈ సంగతి కేసు వేసిన రోజే లాయరమ్మ చెప్పింది. "పనిలోనే జరిగిందని మన నోటీసుకు జవాబులో ఓనరు వాళ్లూ ఒప్పుకున్నారు, మీ తమ్ముడు రాకపోయినా పర్వాలేదమ్మా" అంది. నేనే ఆ ముక్క నీకు రాయలేదు. పట్టుబట్టి నిన్ను పిలిపించింది కూడా నేనే.

నలుగురిలో నా గురించి నువ్వేం చెబుతావో వినాలనిపించింది. విన్నాను.

అక్క